ఎర్త్ తగలక

కంకర రోడ్డు మీద నలభై దాటితే
రేడియో నోరు మూసుకుంటుంది.
బండి ఆపి చెవి పెడితే
ఏమీ ఎరగనట్టు మాట్లాడుతూ ఉంటుంది.

పటగోనియా మెట్టల్లో
గాలికి అడ్డొచ్చేది నా పికప్ ఒక్కటే.
వెనక పన్నెండు ఉన్ని మూటలు, రెండు గ్యాస్ బండలు.
ముందు నేను, డాష్‌బోర్డులో ఈ నత్తి పెట్టె.

ఇక్కడ ఫోను పలకదు.
సాయంత్రం ఏడింటికి స్టేషన్ వాళ్లు కబుర్లు చదువుతారు.
"ఎండిన మడుగు దగ్గరి ఓఫేలియాకి:
మందులు గురువారం బస్సులో వస్తున్నాయి."
"పొట్టేలు పోయిన వాళ్లకి:
ఎడమ చెవికి రెండు గాట్లున్నది మా దొడ్లో ఉంది,
మేత మాదే తింటోంది, త్వరగా రండి."
ఎవరి కబురైనా అందరూ వింటారు.
విన్నవాళ్లు విననివాళ్ల గేటు దగ్గర ఆగి చెప్పాలి.
ఆగకుండా పోయినవాడి పేరు
ఏడాది పొడుగునా నానుతుంది నోళ్లలో.

మంగళవారం
"ఎవరిస్తో మిల్యాకెయోకి:
నీ చెల్లెలు అడెలైదా శనివారం"
గొయ్యి.
గొంతు తిరిగొచ్చేసరికి ఉన్ని ధర చెబుతున్నారు.

శనివారం ఏమిటి?
వస్తోందా? ఆపరేషనా? పెళ్లా, ఈ వయసులో?
అరచేత్తో ఒక్కటిచ్చాను పెట్టెకి.
ఉన్ని ధర ఇంకాస్త గట్టిగా చెప్పింది.

ఇరవై రెండు కిలోమీటర్లు అడ్డదారి.
ఎవరిస్తో గేటు దగ్గరే ఉన్నాడు, టోపీ చేత్తో పట్టుకుని.
"మీ చెల్లి శనివారం" అన్నాను.
"శనివారం?"
"అంతవరకే విన్నాను."

ఆయన నవ్వలేదు. కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.
కిటికీలో ఆయన రేడియో, వీపు తెరిచి.
చలికాలమంతా బ్యాటరీలను పొయ్యి పక్కన కాచి
పూటకి రెండు నిమిషాలు పిండుకున్నాడట.
ఇప్పుడవి కాచినా పలకవు.

మాతే కషాయం గిన్నె చేతులు మారుతుండగా అడిగాడు:
"మాట ఒక్కటే పోతుందా, లైటు కూడా ఆరుతుందా?"
ఎప్పుడు చూశాను? నా కళ్లు గోతుల మీద ఉంటాయి.

ఫ్యూజు తీసి వెలుగుకి పట్టాడు. బాగుంది.
ఏంటెనా ఊపాడు. దాని తప్పు కాదు.
తరువాత టార్చి పళ్ల మధ్య కరిచి
స్టీరింగు కింద తలకిందులుగా దూరాడు,
బూట్లు సీటు మీద.
"పోనీ" అన్నాడు.

దొడ్డి చుట్టూ తిప్పాను,
డెబ్బై ఏళ్ల మనిషి నా మోకాళ్ల దగ్గర
గొర్రెలు బిత్తరపోయి చూస్తుండగా.
ప్రతి కుదుపుకీ కింద నుంచి ఒక బూతు.
ఆరో చుట్టులో రేడియో ఆగింది. లైటూ ఆరింది.
"ఆపు! కదలకు! దొరికింది!"

నల్ల తీగ. బోల్టు కింద దాని ఉంగరం.
ఉంగరం కింద నీలం రంగు.
నాకు అమ్మినవాడు బండికి అందంగా రంగేసి
రంగు మీదే బిగించాడు.
"కరెంటు వచ్చే దారి బాగానే ఉంది" అన్నాడు ఎవరిస్తో,
"తిరిగి పోవడానికే దానికి నేల తగలడం లేదు."
గొర్రెల చెవులకి గాట్లు పెట్టే కత్తితో
ఇనుము మెరిసేదాకా గీకాడు.

పొద్దున ఆరింటికి మళ్లీ చదువుతారు.
ఉన్ని మూటల మధ్య పడుకున్నాను.
ఆయన ఇంట్లో దీపం రాత్రంతా తిరుగుతూనే ఉంది,
చీపురు చప్పుడుతో.

ఆరింటికి ఇద్దరం క్యాబిన్లో, అద్దాలు మసకబారి.
గెడ్డం గీసుకుని వచ్చాడు, చెంప మీద తెగిన గాటు.
ఓఫేలియా మందులు. పొట్టేలు ఇంకా తింటోంది.
"ఎవరిస్తో మిల్యాకెయోకి:
నీ చెల్లెలు అడెలైదా శనివారం వస్తోంది.
మూడు కబుర్లకి జవాబు లేదు గనక
బ్యాటరీలు తెస్తోంది."

ఎవరిస్తో అద్దం మీది మంచు తుడిచాడు,
బయట చూడాల్సిందేమీ లేకపోయినా.
"మూడా" అన్నాడు.

అరవైలో పోయాను. ఒక్కసారీ ఆగలేదు.
గొయ్యి వచ్చిన ప్రతిసారీ
నా అరచెయ్యే
కొట్టడానికి దానంతటదే లేచింది.